భోజనమాత జీతమెంత?

మా సంఘం నెలవారీ సమావేశంలో వచ్చే నెల చర్చకి ఏ అంశం పెట్టుకుందాం అన్నప్పుడు నేను "బడిలో మధ్యాహ్న భోజనం వండేవాళ్ళ జీతాలు" అన్నాను. బాణామతి మీదా బాబాల మీదా నలభయ్యేళ్ళుగా పోరాడిన ఒక పెద్దాయన వెంటనే అడిగారు, "అది యూనియన్ల పని కదండీ, ఇందులో హేతువాదం ఏముంది?" అని. మంచి ప్రశ్నే. ఐదు నిమిషాల్లో తేలే జవాబు కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఒక మనిషి చేత పని చేయించుకుని కూలి ఎగ్గొట్టడానికి మన దేశంలో అతి పాత ఉపాయం ఒకటుంది. ఆ పనిని పుణ్యం అనడం, చేసే మనిషిని తల్లి అనో దేవత అనో పిలవడం. మధ్యాహ్న భోజన పథకం ఖర్చుల పట్టికలో ఆ ఉపాయం ఈనాటికీ పనిచేస్తూనే ఉంది. మంత్రాలకు చింతకాయలు రాలవని ఊరూరా తిరిగి చెప్పేవాళ్ళం, పుణ్యంతో పప్పు ఉడకదని కూడా చెప్పాలి కదా.

ముందు పేర్లు చూడండి. ఉత్తరాఖండ్‌లో బడి వంటామెను అధికారికంగానే "భోజనమాత" అంటారు. మన రాష్ట్రాల్లో అన్నపూర్ణ అని సభల్లో పొగుడుతారు, కాగితాల మీద మాత్రం "వంట ఏజెన్సీ" అని రాస్తారు. ఏజెన్సీ అంటే ఏదో కంపెనీ అనుకునేరు, డ్వాక్రా సంఘంలోని ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు. వాళ్ళకిచ్చే డబ్బుకి "గౌరవ వేతనం" అని పేరు. వాళ్ళ జీతాల గురించి పార్లమెంటులో ఎవరైనా ప్రశ్న వేస్తే కేంద్రం ఏళ్ళ తరబడి ఇస్తున్న సమాధానం ఏమిటంటే, వీళ్ళు సామాజిక సేవ చేయడానికి ముందుకొచ్చిన గౌరవ కార్యకర్తలట. కార్మికులు కారట. కార్మికులు కాకపోతే కనీస వేతనం లేదు, పి.ఎఫ్. లేదు, సెలవు లేదు. ఒక్క మాటతో ఎంత ఖర్చు తగ్గిందో చూశారా!

ఇది చిన్న పథకం కాదు. మద్రాసు కార్పొరేషన్‌లో జస్టిస్ పార్టీ రోజుల్లో 1920 ప్రాంతంలో మొదలై, 1956లో కామరాజు చేతుల్లో పెరిగి, 1982లో ఎం.జి.ఆర్. దాన్ని రాష్ట్రమంతటా పెద్ద ఎత్తున విస్తరించాక, 1995 ఆగస్టు 15న కేంద్ర పథకమైంది. చాలా రాష్ట్రాలు వండి పెట్టకుండా బియ్యం చేతిలో పెట్టి పంపిస్తుంటే, పి.యు.సి.ఎల్. వేసిన కేసులో సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న వండిన భోజనమే పెట్టాలని ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుంచి బడుల్లో పొయ్యిలు వెలిగాయి. 2013 ఆహార భద్రతా చట్టం ఆ అన్నాన్ని పిల్లల హక్కుగా రాసింది. 2021లో పథకం పేరు పి.ఎం. పోషణ్ అయింది. సుమారు 11 కోట్ల మందికి పైగా పిల్లలు, 10 లక్షలకు పైగా బడులు, 25 లక్షల దాకా వంటవాళ్ళు. ఈ వంటవాళ్ళలో దాదాపు అందరూ ఆడవాళ్ళే.

ఈ అన్నం వల్ల ఫలితం ఉందా అని అడిగే హక్కు మనకుంది. ఉంది. 2003లో జ్యాఁ ద్రెజ్, అపరాజిత గోయల్ చేసిన పరిశీలన మొదలుకొని, ఆడపిల్లల హాజరు పెరగడం గురించి చాలా అధ్యయనాలు వచ్చాయి. అన్నిటికన్నా నాకు ఆశ్చర్యం కలిగించింది 2021లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చినది. చిన్నప్పుడు బడిలో ఈ భోజనం తిన్న ఆడపిల్లలు పెరిగి తల్లులయ్యాక, వాళ్ళ పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు మెరుగ్గా ఉందని అందులో తేల్చారు. ఒక తరం తిన్న పప్పన్నం ఇంకో తరం ఎముకల్లో కనిపిస్తోంది. ఏ యాగం వల్లా ఇలాంటి ఫలితం వచ్చినట్టు ఇంతవరకూ ఎవరూ చూపించలేదు.

అందుకే ఈ పథకం ఖర్చును ఉన్నదున్నట్టు రాసుకోవాలి అంటాను.

2009 డిసెంబరు 1 నుంచి కేంద్రం కొత్త రేట్లు పెట్టింది. ప్రాథమిక తరగతుల పిల్లవాడికి రోజుకి పప్పు, కూరగాయలు, నూనె, పోపు సామాను, వంటచెరుకు అన్నిటికీ కలిపి 2 రూపాయల 50 పైసలు. బియ్యం ఆహార సంస్థ ఇస్తుంది. అంతకు ముందు వంట కూలి కూడా ఈ పైసల్లోంచే రావాలి. అప్పుడే మొదటిసారి దాన్ని వేరు చేసి, వంటామెకు నెలకి 1000 రూపాయలు, ఏడాదికి 10 నెలలు అన్నారు. 25 మంది పిల్లల దాకా ఒకరు, 100 దాకా ఇద్దరు, ఆపైన ప్రతి వందకీ ఒకరు.

రెండు అంకెలూ ఒకే రోజున పుట్టాయి. కవల పిల్లలనుకోండి. మొదటి అంకె పెరుగుతూ వచ్చింది. 2022 అక్టోబరులో 5.45, 2024 డిసెంబరులో 6.19, 2025 మేలో 6.78. పెంచేటప్పుడు ఊరికే తోచినంత పెంచరు. కార్మిక శాఖలోని లేబర్ బ్యూరో 20 రాష్ట్రాల్లో 600 గ్రామాల నుంచి ధరలు సేకరిస్తుంది. పప్పెంత, నూనెంత, వంకాయలెంత, కట్టెలెంత అని లెక్కగట్టి, గ్రామీణ కార్మికుల ధరల సూచీ ప్రకారం సవరిస్తారు. నిజంగా మెచ్చుకోవాల్సిన పద్ధతి. శాస్త్రీయం అంటే ఇదే.

రెండో అంకె మాత్రం 2009లో ఎక్కడుందో 2025లో రేట్లు సవరించిన రోజున కూడా అక్కడే ఉంది. కేంద్రం లెక్కలో వంటామె విలువ నెలకి 1000 రూపాయలే. అందులో కేంద్రం వాటా 600, మిగతాది రాష్ట్రాలది. 2.50 ఎన్ని రెట్లయి 6.78 అయిందో అన్ని రెట్లు 1000ని పెంచితే 2,712 అవుతుంది. అంటే వంటామెను కనీసం వంకాయతో సమానంగా చూసినా ఇంకో 1,712 రావాలి. గ్రామీణ కార్మికుల ధరల సూచీని పప్పుకీ నూనెకీ వాడుతున్నారు, గ్రామీణ కార్మికురాలికి వాడటం లేదు! అంగన్‌వాడీ కార్యకర్తలకైనా 2018లో కేంద్రం కొంత పెంచింది. వీళ్ళ అంకె కదల్లేదు.

రాష్ట్రాలు తమ ఇష్టంతో ఇంకా కలుపుకోవచ్చు అంటారు. కొన్ని కలిపాయి. తమిళనాడు 1982 నుంచే నిర్వాహకురాలు, వంటామె, సహాయకురాలు అని ఉద్యోగాలు పెట్టి, తర్వాత వాళ్ళకు ప్రత్యేక కాలమాన వేతనం ఇచ్చింది. కేరళలో పనిదినాల లెక్కన కూలి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో 1000 నుంచి 3000కి పెంచారు. తెలంగాణలో 2022 మార్చిలో శాసనసభలో ప్రకటించి 54 వేల మందికి పైగా వంటవాళ్ళకి 3000 చేశారు. పెంచినవాళ్ళను మెచ్చుకుందాం, అయినా లెక్క చూద్దాం. నెలకి 3000, పది నెలలకి 30,000. బడి ఏడాదికి 220 రోజులు నడిస్తే రోజుకి 136 రూపాయలు. అదే కేంద్రం లెక్కన 1000 అయితే రోజుకి 45 రూపాయలు. 2025-26లో మన రెండు రాష్ట్రాల్లో ఉపాధి హామీ కూలి రేటు రోజుకి 307. మట్టి తవ్వితే 307, మంటముందు నిలబడితే 136.

"అది సగం పూట పనే కదా" అనే మాట మన సంఘంలోనే విన్నాను. మా మండలంలో ఒక ఊరి బడికి పోయి కూర్చుని చూశాను. 92 మంది పిల్లలు, ఇద్దరు వంటవాళ్ళు. రేకుల షెడ్డు. గ్యాస్ పొయ్యి ఒక మూల ఉంది గానీ బండకు ముందు డబ్బు పెట్టాలి కాబట్టి వండేది కట్టెల మీదే. పెద్దామెను పలకరించాను.

"ఎన్ని గంటలకు వస్తారమ్మా?"

"ఎనిమిదిన్నరకు పొయ్యి ముట్టియ్యాలె సారు. పిల్లలు తిన్నంక బోళ్ళు తోమి పొయ్యేసరికి మూడైతది."

ఆరున్నర గంటలు. తొమ్మిది కిలోల పైన బియ్యం ఏరి కడగడం, బోరు నుంచి నీళ్ళు మోయడం, పప్పు, కూర, వడ్డన, మళ్ళీ అన్నీ తోమడం. గుడ్డు పెట్టే రోజైతే 92 గుడ్ల పెంకు తీయాలి. గుడ్డుకి అర నిమిషం వేసుకున్నా అదే ముప్పావు గంట. మెనూలో కొత్త వస్తువు చేరినప్పుడల్లా దాని సరుకు ఖర్చెంతో పేపర్లో వస్తుంది, పొయ్యి దగ్గర ఎంతసేపు పెరిగిందో రాదు. పోనీ సగం పూటే అనుకుందాం. 307లో సగం 153. మనవాళ్ళకొచ్చే 136 దానికీ తక్కువే. 45 సంగతి చెప్పనే అక్కర్లేదు.

కూలి మాట అలా ఉంచి, నన్ను కలవరపెట్టింది అప్పు. మన రాష్ట్రాల్లో బియ్యం కాకుండా చాలా సరుకు ఏజెన్సీ ఆడవాళ్ళే ముందు తమ డబ్బుతోనో కిరాణా కొట్టులో అరువుతోనో తేవాలి. తర్వాత బిల్లు పెట్టుకోవాలి. ఆ బిల్లు ఎప్పుడొస్తుందో చెప్పేవాడు లేడు. వంద మంది పిల్లల బడి తీసుకోండి. రోజుకి 678 రూపాయలు, నెలకి 22 పనిదినాలకి సుమారు 15,000. బిల్లు మూడు నెలలు ఆగితే 45,000 బాకీ. మన ఊళ్ళలో నడిచే రెండు రూపాయల వడ్డీకి దానిమీద నెలకి 900. కేంద్రం ఒక వంటామెకు లెక్కగట్టిన జీతం దాదాపు మొత్తం వడ్డీకే సరి.

ఆ ఊరి వంటామెను ఇదే అడిగాను, బిల్లు రాకపోతే ఏం చేస్తారని.

"షావుకారి ఊకుంటడా సారు? పాత బాకీ కట్టందే నూనె ఇయ్యనన్నడు. సంఘంల లోను తీస్కొని కట్టిన."

డ్వాక్రా సంఘం రుణం అన్నమాట. ఆడవాళ్ళు గేదె కొనుక్కోవడానికో కుట్టుమిషను పెట్టుకోవడానికో ఉద్దేశించిన అప్పుతో ప్రభుత్వ పథకానికి పెట్టుబడి పెడుతున్నారు. రాష్ట్ర ఖజానాకి అప్పిస్తున్న బ్యాంకులకు వడ్డీ వస్తుంది. ఈమెకు రాదు, పైగా ఈమే కడుతుంది. పిల్లలకు అన్నం పెట్టడం గొప్ప పుణ్యమని బడికొచ్చిన అధికారులంతా చెబుతుంటారట కదా అన్నాను. "పుణ్యం నాకెందుకు సారు, మీకు తెలిసినోళ్ళుంటే మార్చి బిల్లు ఇప్పియ్యున్రి" అంది. నేను ఆఫీసరునని అనుకున్నట్టుంది పాపం.

ఇక్కడ కొందరు మిత్రులు అవినీతి మాట ఎత్తుతారు. పప్పు నీళ్ళలా ఉంటుందని, గుడ్డు వారానికి ఒకటి తగ్గుతుందని. నిజమే, అలాంటి బడులున్నాయి. కారణం కూడా వెతకాలి కదా. తెలంగాణలో గుడ్డుకి ప్రభుత్వం ఐదు రూపాయలిచ్చిన కాలంలో అంగట్లో ఆరు, ఆరున్నర పలికిన రోజులున్నాయి. వంద గుడ్లకి వంద, నూట యాభై రూపాయలు వంటామె తన చేతినుంచి పెట్టాలి. ఇంచుమించు ఆమె రోజు కూలంత అది. గుడ్డు పెట్టిన ప్రతిరోజూ నష్టపోయే ఏర్పాటు చేసి, గుడ్డు ఎందుకు పెట్టలేదని కేకలెయ్యడం ఏం తర్కం?

భద్రత సంగతీ ఇందులోదే. 2013 జూలై 16న బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామం బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. నూనెలో మోనోక్రోటోఫాస్ పురుగుమందు కలిసింది. నూనె తేడాగా ఉందని వంటామె చెప్పినా ప్రధానోపాధ్యాయురాలు పట్టించుకోలేదని అప్పట్లో వార్తలొచ్చాయి. 2016లో ఆ ప్రధానోపాధ్యాయురాలికి శిక్ష పడింది. ఆ తర్వాత దేశమంతా టీచర్లు ముందు రుచి చూడాలి, రిజిస్టర్లో సంతకం పెట్టాలి అని ఆదేశాలు వెళ్ళాయి. మంచివే. అయితే, "ఈ నూనెతో నేను వండను" అని గట్టిగా అనగలగాలంటే ఆ మనిషికి ఉద్యోగమనేది ఒకటుండాలి. నియామక పత్రం లేదు, తీసేయడానికి నోటీసు లేదు, నెలకి వెయ్యి రూపాయలు. అలాంటి మనిషి ఎవరికి ఎదురు చెబుతుంది? పొయ్యి దగ్గర నిలబడిన మనిషి నోరు మూయించి, రుచి చూసేవాళ్ళ సంతకాలు పెంచితే పిల్లలకు రక్షణ వస్తుందా?

"ఇష్టమయ్యే చేస్తున్నారు కదా, ఎవరూ బలవంతం చేయలేదు కదా" అన్నది ఇంకో వాదన. దీనికి మన న్యాయస్థానాలు ఎప్పుడో సమాధానం చెప్పాయి. 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో జస్టిస్ భగవతి, కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీ కిందకే వస్తుందన్నారు. ఆకలి చేసే బలవంతం కూడా బలవంతమే అన్నది ఆ తీర్పు సారం. 2020 డిసెంబరులో అలహాబాద్ హైకోర్టు సరిగ్గా బడి వంటామె కేసులోనే ఆ మాట మళ్ళీ చెప్పింది. బస్తీ జిల్లాలో ఒకామె 14 ఏళ్ళు బడిలో వండింది, వెయ్యి రూపాయలకి. ఆమె పిల్లలెవరూ ఆ బడిలో చదవడం లేదని తీసేశారు. పిల్లలు చదివే తల్లులనే పెట్టుకోవాలన్నది కొత్త నిబంధన. వెయ్యి రూపాయలకు చేయించుకోవడం వెట్టిచాకిరీ అనీ, వంటవాళ్ళకి కనీస వేతనం ఇవ్వాలనీ కోర్టు ఆదేశించింది. ఆ నిబంధన వెనకున్న ఆలోచన గమనించారా? తన బిడ్డ తింటుంది కాబట్టి శ్రద్ధగా వండుతుంది, తల్లి కాబట్టి కూలి అడగదు. అదే లెక్కన తన పిల్లలు చదివే బడిలో పాఠం చెప్పే టీచరుకూ జీతం ఆపొచ్చు. ఆ మాట ఎవరూ అనరు.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకానికి 2024లో డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. 1909లో మరణించిన ఆ గోదావరి గృహిణి అంటే నాకు గౌరవమే. వేళకాని వేళ వచ్చినవాళ్ళకు కూడా వండి పెట్టిందంటారు, కులం అడగలేదంటారు. అయితే ఆమె పెట్టింది తన ఇంటి అన్నం, తన ఇష్టంతో. బడిలో పెట్టేది దానం కాదు. జనం కట్టిన పన్నుతో, చట్టం ప్రకారం, పిల్లలకి చెల్లించే బాకీ. దానానికి పేరు కావాలి, బాకీకి లెక్క కావాలి. పేరు ఎంత గొప్పదైనా దానికింద పనిచేసే ఆడవాళ్ళంతా సీతమ్మలై ఉచితంగా వండాలని ఆశించడానికి వీల్లేదు.

ఇక డబ్బెక్కడిది అనే ప్రశ్న. 25 లక్షల మంది వంటవాళ్ళకి, రోజుకి 307 చొప్పున, 220 రోజులకి ఇస్తే సుమారు 16,900 కోట్లవుతుంది. (ఉపాధి హామీ రేటు రాష్ట్రానికొకటి. మన రేటే దేశమంతటికీ వేశాను, అంచనాకి చాలు.) అందరికీ ఇప్పటికే 3000 ఇస్తున్నారని ఉదారంగా అనుకుందాం. అది 7,500 కోట్లు. తేడా 9 వేల కోట్ల పైచిలుకు. 2025-26 కేంద్ర బడ్జెట్లో ఈ పథకం మొత్తానికి కేటాయించింది 12,500 కోట్లు. అంటే చిన్న మొత్తమేమీ కాదు, ఒప్పుకుంటాను. కానీ ఈ 9 వేల కోట్లు ఇప్పుడు ఎవరూ పెట్టడం లేదని కాదు. వంటవాళ్ళు పెడుతున్నారు, తమ ఒంటితో. ఈ దేశంలో పిల్లల అన్నానికి ఇంత పెద్ద మొత్తం ఇచ్చిన కంపెనీ గానీ గుడి గానీ మఠం గానీ ఉందా? ఆ దాతల పేర్లే శిలాఫలకం మీద లేవు.

పిల్లవాడి లెక్కన చూస్తే ఇంత భయపడక్కర్లేదు. వంద మంది బడిలో ఇద్దరికి 3000 చొప్పున ఇస్తే భోజనానికి 2 రూపాయల 73 పైసలు పడుతుంది. 307 చొప్పున ఇస్తే 6 రూపాయల 14 పైసలు. తేడా 3 రూపాయల 41 పైసలు. సరుకు ఖర్చు ఎంతో, వండే ఖర్చూ దాదాపు అంత. ఏ మెస్సు నడిపేవాణ్ణి అడిగినా ఇదే చెబుతాడు.

ఖర్చు తగ్గించడానికి పెద్ద యంత్రాల వంటశాలలు పెట్టి వాన్లలో పంపితే పోతుంది కదా అనేవాళ్ళున్నారు. హేతువాదులకు యంత్రాలంటే పడకపోవడమేమీ లేదు. స్థలం లేని నగరాల బడులకు అది పనికొస్తుంది, మార్గదర్శకాలూ అలాంటి చోట్ల కోసమే దాన్ని అనుమతించాయి. ఊళ్ళకి తీసుకుపోతే వేరే కథ. అన్నం పొద్దున్నే వండి గంటల తరబడి ప్రయాణం చేయించాలి. పైగా ఈ వంటశాలలు నడిపేవాళ్ళలో పెద్ద పేరున్నది 2000లో బెంగుళూరులో మొదలైన అక్షయపాత్ర. ఇస్కాన్ వాళ్ళది. వాళ్ళ వంటలో ఉల్లి, వెల్లుల్లి ఉండవు, గుడ్డు వండరు. కారణం పోషకాహార శాస్త్రం కాదు, సత్త్వ రజస్ తమో గుణాల సిద్ధాంతం. గుడ్డులో ఆరు గ్రాముల మాంసకృత్తులుంటాయి. ప్రాథమిక తరగతి పిల్లవాడికి ఈ భోజనంలో అందాల్సినవి పన్నెండు గ్రాములు. సగం ఒక్క గుడ్డుతో వస్తుంది. ప్రభుత్వ బియ్యంతో, ప్రభుత్వ డబ్బుతో నడిచే వంటలో పురాణ గుణాల లెక్క ఎందుకుండాలి? మన సంఘాలు తీసుకోవాల్సిన ప్రశ్న ఇది కాకపోతే ఇంకేది?

ఊరి బడిలో వంటామె ఉండటం వల్ల ఇంకో ప్రయోజనముంది, అది ఏ బడ్జెట్ కాగితంలోనూ కనబడదు. 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వంటవాళ్ళ నియామకంలో దళితులకు, గిరిజనులకు ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. గోరా ముదునూరులో, విజయవాడలో పున్నమి రాత్రుల్లో సహపంక్తి భోజనాలు పెట్టేవారు. అన్ని కులాలవాళ్ళూ కలిసి కూర్చుని తినడమే అప్పట్లో ఒక ఉద్యమం. ఆ పని ఇప్పుడు ప్రతి మధ్యాహ్నం లక్షల బడుల్లో జరుగుతోంది, ఉపన్యాసాలు లేకుండా. దళిత స్త్రీ చేతివంట తిని ఎవరి పిల్లలకూ ఏమీ కాలేదని పిల్లలు రోజూ తమ కళ్ళతో చూస్తున్నారు. ఇంతకన్నా మంచి ప్రయోగం ఏ సైన్సు ప్రదర్శనలో చూపిస్తాం?

ఇది తేలిగ్గా సాగడం లేదు. 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లా సుఖీఢాంగ్ బడిలో దళిత భోజనమాత వండిందని అగ్రవర్ణాల పిల్లలు తినడం మానేశారు. నియామకంలో లోపం ఉందంటూ అధికారులు ఆమెను తీసేశారు. గొడవయ్యాక తిరిగి పెట్టారు. మాత అని పిలిచి, ఆ మాత చేతి అన్నం ముట్టనివాళ్ళను చూశాం. పదేళ్ళ నుంచి జీతపు చీటీ చేతిలో ఉన్న ఉద్యోగిని అయితే అధికారి ఆమెను ఒక్క రోజులో ఇంటికి పంపగలిగేవాడా? జీతం, హోదా లేని చోట కులం తన పని సులువుగా చేసుకుపోతుంది. కూలి ప్రశ్న వేరు, కులం ప్రశ్న వేరు అని విడదీసి చూసేవాళ్ళు ఈ ఒక్క సంఘటనను జాగ్రత్తగా చదవాలి.

2013 మేలో జరిగిన 45వ భారత కార్మిక సదస్సు ఈ పథకాల్లో పనిచేసేవాళ్ళను కార్మికులుగా గుర్తించి కనీస వేతనం, సామాజిక భద్రత ఇవ్వాలని సిఫారసు చేసింది. ప్రభుత్వం, యజమానులు, యూనియన్లు ముగ్గురూ కూర్చున్న సదస్సు అది. అంగన్‌వాడీ వాళ్ళకు గ్రాట్యుటీ హక్కు ఉందని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. దారి తెలియక ఆగిపోయిన విషయం కాదిది. పప్పుకి వాడే సూచీని కూలికీ వాడమనాలి, బిల్లు తర్వాత ఇవ్వడం మాని నెల ముందే సరుకు డబ్బు ఖాతాలో వేయమనాలి. "గౌరవ" అన్న మాట తీసేసి ఉట్టి "వేతనం" అని రాయమనాలి. రెండు వేసవి నెలల్లో వంటామె ఏం తినాలో కూడా ఎవరో ఒకరు చెప్పాలి.

ఈలోగా మన సంఘాల వాళ్ళం చేయగలిగిన పని ఒకటుంది. సమాచార హక్కు చట్టం కింద మండల స్థాయిలో దరఖాస్తుకి రుసుము ఐదు రూపాయలు. మీ మండలంలో ఏ బడి వంట బిల్లు ఏ తేదీన పెట్టారు, ఏ తేదీన మంజూరైంది, ఏ తేదీన ఖాతాలో పడింది, గౌరవ వేతనం ఏ నెల దాకా ఇచ్చారు, గ్యాస్ బండకు ఎంత ఇచ్చారు అని మండల విద్యాధికారిని అడగండి. గడిచిన రెండేళ్ళకీ అడగండి. మా మండలానికి నేను రాసిన దరఖాస్తు నకలు కావలసినవాళ్ళకి పంపిస్తాను, ఊరి పేరు మార్చుకుని వాడుకోవచ్చు.